నలభై ఏళ్లు, చేతిలో పీహెచ్‌డీ: ఏ దేశమో అడిగే ముందు ఏ పనో తేల్చుకోవాలి

హైదరాబాదులో జావా రాసే ఇంజనీరు డల్లాస్ వెళ్లినా జావానే రాస్తాడు. అతని పని అతనితోపాటే విమానం ఎక్కుతుంది. పదిహేనేళ్లుగా డిగ్రీ కాలేజీలో చరిత్రో, ఆంగ్ల సాహిత్యమో, తెలుగో చెబుతూ, సెలవుల్లోనూ రాత్రుళ్లలోనూ సమయం చిక్కించుకుని పీహెచ్‌డీ పూర్తిచేసిన వారికి ఆ వెసులుబాటు లేదు. వారి చదువులో ఎక్కువ భాగం ఒక భాషకూ, ఒక ప్రాంతానికీ, ఒక విశ్వవిద్యాలయపు సిలబస్‌కూ కట్టుబడి ఉంటుంది. అందువల్ల నలభై ఏళ్ల వయసులో, బడికి వెళ్లే పిల్లలతో, విదేశం సంగతి ఆలోచిస్తున్న మానవీయ శాస్త్రాల అధ్యాపకులు ‘ఏ దేశం మంచిది?’ అన్న ప్రశ్నతో మొదలుపెడితే ఏడాదిపాటు తిరిగి తిరిగి అక్కడికే వస్తారు. అక్కడ ఏ పని చేయడానికి మనసు ఒప్పుకుంటుందో ముందు తేలాలి. అది తేలితే దేశాలు వాటంతటవే రెండుకో మూడుకో తగ్గుతాయి.

నాకు కనిపించేవి నాలుగు దారులు. విశ్వవిద్యాలయంలో సొంత శాస్త్రాన్నే పట్టుకుని ఉండటం ఒకటి. గల్ఫ్ కళాశాలల్లో ఇంగ్లీషు భాష బోధించడం రెండోది. హైస్కూలు టీచరుగా మారడం మూడోది. ముందు పీఆర్ (శాశ్వత నివాసానుమతి) సంపాదించి, దిగిన తరువాత దొరికిన పని చూసుకోవడం నాలుగోది. వీటిలో మొదటిదే అందరూ కోరుకుంటారు, అది కొద్దిమందికే దొరుకుతుంది. మూడోదాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు, నిలకడగా బతుకుదెరువు చూపించేది మాత్రం అదే. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

వయసు లెక్క, పట్టా లెక్క

నడివయసులో బయలుదేరేవారిని రెండు గడువులు తరుముతాయి. మొదటిది పుట్టిన తేదీ నుంచి లెక్కకు వచ్చేది. పాయింట్లు లెక్కించి శాశ్వత నివాసానికి ఆహ్వానించే కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ విధానంలో ఒంటరిగా దరఖాస్తు చేసే వ్యక్తికి 20 నుంచి 29 ఏళ్ల వరకు వయసు కింద 110 పాయింట్లు ఇస్తారు. 35 ఏళ్లకు అవి 77కు, 40 ఏళ్లకు 50కి దిగి, 45 ఏళ్లకు సున్నా అవుతాయి. ఆస్ట్రేలియా నైపుణ్య వీసాలకు ఆహ్వానం అందే నాటికి 45 ఏళ్లు నిండి ఉండకూడదు. అక్కడ 33 నుంచి 39 ఏళ్లవారికి 25 పాయింట్లు, నలభయ్యో పుట్టినరోజు నుంచి 15 మాత్రమే. జర్మనీ 2024 జూన్‌లో ప్రారంభించిన చాన్సెన్‌కార్టె అనే ఉద్యోగాన్వేషణ అనుమతిలో వయసుకిచ్చే పాయింట్లు నలభైతో ఆగిపోతాయి. 45 నిండిన తరువాత ఆ దేశంలో తొలిసారిగా ఉద్యోగ వీసా కోరేవారు 2025 లెక్క ప్రకారం ఏడాదికి కనీసం 53,130 యూరోల జీతాన్నో, వృద్ధాప్యానికి సరిపడే పింఛను ఏర్పాటునో చూపించాలి. న్యూజీలాండ్ నైపుణ్య వలసదారుల నివాస వీసాకు 55 ఏళ్ల వరకు దరఖాస్తు చేయవచ్చు. బ్రిటన్ ఉద్యోగ వీసాల్లో గరిష్ఠ వయసు అన్న నిబంధన లేదు.

రెండో గడువు పీహెచ్‌డీ వచ్చిన తేదీ నుంచి మొదలవుతుంది. మనవాళ్లు సాధారణంగా దీన్ని గమనించరు. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్‌కు పీహెచ్‌డీ తరువాత పరిశోధనానుభవం ఎనిమిదేళ్లకు మించకూడదు. ఫుల్‌బ్రైట్–నెహ్రూ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్‌కు పట్టా వచ్చి నాలుగేళ్లలోపే అయి ఉండాలి. మన కాలేజీల్లో ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని పెంచుతూ, ముప్పై ఎనిమిదేళ్లకు పీహెచ్‌డీ అందుకున్నవారు ఎందరో ఉన్నారు. వారి వయసు ముదిరినా పట్టా ఇంకా లేతగానే ఉంటుంది. ఆలస్యంగా చదివినందుకు ఇన్నాళ్లూ చిన్నబుచ్చుకున్నవారికి దక్కే ఒకే ఒక్క లాభం ఇదేనేమో. ఇరవై ఎనిమిదేళ్లకే పీహెచ్‌డీ తెచ్చుకుని ఇప్పుడు నలభై ఒకటిలో ఉన్నవారికి ఈ రెండు లెక్కలూ ఎదురు తిరుగుతాయి. కనుక కాగితం మీద ముందుగా రాసుకోవలసినవి ఈ రెండు తేదీలే.

సొంత శాస్త్రంలోనే ఉండాలనుకుంటే

మన దేశ చరిత్ర, సాహిత్యాలపై పరిశోధనకు జర్మనీలో పాత పునాది ఉంది. హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలోని దక్షిణాసియా అధ్యయన సంస్థ 1962 నుంచి నడుస్తోంది. గట్టింగెన్‌లో ఆధునిక భారతదేశాన్ని అధ్యయనం చేసే కేంద్రం ఒకటుంది. అయితే జర్మన్ విశ్వవిద్యాలయాల్లో ప్రొఫెసరు స్థాయికి దిగువన శాశ్వత ఉద్యోగాలు అరుదు. తాత్కాలిక కాంట్రాక్టులపై అక్కడ ఒక చట్టమే ఉంది. దాని ప్రకారం పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తరువాత ఆరేళ్లు మాత్రమే సాధారణంగా అలాంటి కాంట్రాక్టుపై పనిచేయవచ్చు. 2021లో అక్కడి యువ పరిశోధకులే ‘నేను హన్నాను’ (ప్రభుత్వ ప్రచార వీడియోలోని యువ పరిశోధకురాలి పేరు హన్నా) అన్న నినాదంతో ఈ పద్ధతికి వ్యతిరేకంగా గొంతెత్తారు. జర్మన్ మాతృభాషగా పుట్టి పెరిగినవారికే నిలకడ దొరకని చోట, రెండేళ్ల ప్రాజెక్టు మీద వెళ్లిన మనకు దొరుకుతుందని ఆశపెట్టుకుని ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా చేయడం నా దృష్టిలో సాహసం కూడా కాదు, తొందరపాటు.

బ్రిటన్‌లో మానవీయ శాస్త్రాల పరిశోధకులకు ఒక మంచి తలుపు ఉంది. గ్లోబల్ టాలెంట్ వీసాకు ఈ రంగాల్లో బ్రిటిష్ అకాడమీ సిఫారసు చేస్తుంది. దానికి వయోపరిమితీ లేదు, కనీస జీతమూ లేదు. కానీ సిఫారసు రావాలంటే మంచి పత్రికల్లో వ్యాసాలో, పేరున్న ప్రచురణ సంస్థ నుంచి పుస్తకమో, విదేశీ విశ్వవిద్యాలయపు ఆహ్వానమో ఉండాలి. మన దగ్గర పదోన్నతులకు లెక్కించే ఏపీఐ స్కోరు కోసం డబ్బు కట్టి వేయించుకున్న వ్యాసాలు అక్కడ పనికిరావు. మామూలు స్కిల్డ్ వర్కర్ వీసాకు కనీస జీతాన్ని 2025 జూలైలో 41,700 పౌండ్లకు పెంచారు. ఉద్యోగానికి సంబంధించిన పీహెచ్‌డీ ఉంటే కొంత సడలింపు ఉంది. అన్నింటికన్నా పెద్ద చిక్కు ఉద్యోగాలది. 2025 జనవరిలో కార్డిఫ్ విశ్వవిద్యాలయం 400 ఉద్యోగాల కోతను ప్రతిపాదించినప్పుడు, మూసివేతకు గురికావలసిన విభాగాల జాబితాలో ప్రాచీన చరిత్ర, ఆధునిక భాషలు, సంగీతం ఉన్నాయి. కోత పడినప్పుడల్లా కత్తి మొదట మన శాస్త్రాల మీదే పడుతుందనడానికి అది ఒక ఉదాహరణ.

బ్రిటన్ లెక్క వేసుకునేవారు తరచూ మరిచిపోయే ఖర్చు ఒకటుంది. వీసాతోపాటు ఆరోగ్య సర్‌ఛార్జి ముందుగానే కట్టాలి. పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776 పౌండ్లు. ఇద్దరు పిల్లలున్న దంపతులు ఐదేళ్ల వీసాకు మొత్తం 18,110 పౌండ్లు, అంటే 20 లక్షల రూపాయలకు పైగా, అక్కడ అడుగుపెట్టకముందే చెల్లిస్తారు. కొన్ని సంస్థలు ఈ భారాన్ని భరిస్తాయి, అన్నీ భరించవు. కాబట్టి ఇంటర్వ్యూలోనే నిస్సంకోచంగా అడగాలి. స్థిర నివాసానికి ఐదేళ్ల నిరీక్షణను పదేళ్లకు పెంచాలని అక్కడి ప్రభుత్వం 2025 మేలో ప్రతిపాదించిందన్నది కూడా లెక్కలో ఉండాలి.

అమెరికా గురించి తక్కువ మాటల్లో చెప్పవచ్చు. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ ఉన్నవారు ముందుగా అటే చూస్తారు, దానికి కారణమూ ఉంది. వెల్చేరు నారాయణరావు దశాబ్దాలపాటు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించారు. ప్రవాసుల విరాళంతో ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలుగుకు ఆచార్య పీఠమే ఏర్పడింది. అయినా ఆ దేశం మొత్తం మీద తెలుగు పీఠాలనూ, తెలుగు బోధకుల పోస్టులనూ వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, వాటిలో ఖాళీ ఏర్పడేది ఏ పదేళ్లకో ఒకసారి. సిలికానాంధ్ర మనబడి వంటి చోట్ల వేలాది పిల్లలు తెలుగు నేర్చుకుంటున్నారని విని అక్కడ జీవనోపాధి దొరుకుతుందనుకోవద్దు. అది స్వచ్ఛంద సేవ, బోధించేవారిలో ఎక్కువమంది వారమంతా వేరే ఉద్యోగం చేసుకునేవారు. విశ్వవిద్యాలయాలకు హెచ్-1బీ లాటరీ బెడద లేకపోయినా, 2025 సెప్టెంబరు 21 నుంచి దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము వచ్చిపడింది. చరిత్ర అధ్యాపకుడి కోసం ఏ విభాగం అంత సొమ్ము పెడుతుంది?

ఇంతా చెప్పి ఈ దారిని పూర్తిగా కొట్టిపారేయడం లేదు. ప్రభుత్వ కాలేజీలోనో, విశ్వవిద్యాలయంలోనో ఉన్నవారికి జీతం లేని అసాధారణ సెలవు, లీన్ (పాత పోస్టుపై హక్కు నిలుపుకోవడం) వంటి వెసులుబాట్లు ఉంటాయి. వాటిని నిలుపుకుంటూ రెండేళ్ల ఫెలోషిప్‌కు వెళ్లి, పుస్తకం పూర్తిచేసుకుని తిరిగి రావడం చాలా మంచి ఏర్పాటు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 62, తెలంగాణలో 61. నలభై రెండేళ్లవారికి ఇంకా దాదాపు రెండు దశాబ్దాల సర్వీసు చేతిలో ఉన్నట్టే. దాన్ని రెండేళ్ల కాంట్రాక్టుకు బదులు ఇచ్చుకోకూడదు. ప్రైవేటు కాలేజీల్లో లీన్ మాట ఉండదు, పోగొట్టుకునే జీతమూ అంతంతమాత్రమే. వారి లెక్క వేరు.

గల్ఫ్: తిరిగి రావాలనుకునేవారి దారి

ఒమన్, సౌదీ అరేబియా, ఎమిరేట్స్‌లలో పలు కళాశాలల్లో ఇంటర్మీడియట్ ముగించి వచ్చిన విద్యార్థులకు డిగ్రీకి ముందు ఒక ఏడాది ఇంగ్లీషు పునాది కోర్సు ఉంటుంది. మన ఇంగ్లీషు లెక్చరర్లు దశాబ్దాలుగా వెళ్తున్నది ప్రధానంగా ఈ కొలువులకే. ఒమన్‌లో ప్రభుత్వ సాంకేతిక కళాశాలలనూ, అనువర్తిత శాస్త్రాల కళాశాలలనూ 2020లో ఒకే విశ్వవిద్యాలయంగా కలిపారు. దాని శాఖలు మస్కట్ నుంచి సలాలా దాకా ఉన్నాయి. అక్కడ బోధించేది షేక్‌స్పియర్‌ను కాదు, పేరా ఎలా రాయాలో, క్రియాపదం ఎక్కడ పెట్టాలో. సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవారికి మొదటి సెమిస్టరు కొంచెం మింగుడుపడదు. ఈ పనికి పీహెచ్‌డీ కన్నా ఎం.ఏ., బోధనానుభవం, భాషాబోధనలో ఒక సర్టిఫికెట్ ఎక్కువ ఉపయోగపడతాయి.

డబ్బు విషయంలో ఈ దారికి సాటి లేదు. జీతంపై ఆదాయపు పన్ను లేదు. ఒమన్ 2025లో పన్ను చట్టం తెచ్చినా అది అమలయ్యేది 2028 నుంచి, అదీ ఏడాదికి 42,000 రియాళ్లు దాటిన ఆదాయంపై 5 శాతమే కనుక లెక్చరర్లను తాకదు. ఎమిరేట్స్‌లో ఉద్యోగం ముగిసినప్పుడు మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల, ఆ పైన ఏడాదికి 30 రోజుల మూలవేతనం గ్రాట్యుటీగా వస్తుంది. కానీ కాంట్రాక్టు ముగిస్తే నివాసానుమతీ ముగుస్తుంది. స్థానికులకు ఉద్యోగాలివ్వాలన్న విధానం ప్రతి ఏటా కొన్ని పోస్టులను మింగుతుంది. పిల్లలు ప్లస్ టూ అయ్యాక పై చదువులకు మళ్లీ ఇండియాకో మరో దేశానికో పంపాలి. ఎనిమిది, పదేళ్లు చేసి, ఇల్లు కట్టుకుని, పిల్లల చదువులకు దాచుకుని తిరిగి వచ్చేద్దామనుకునేవారికి ఇంతకన్నా సూటి దారి లేదు. ఇల్లు వదిలి వేరేచోట పాతుకుపోవాలన్నదే ఉద్దేశమైతే ఇది దారి కాదు, విడిది.

దూరవిద్యలో ఎం.ఏ. చేసినవారు ఇక్కడ జాగ్రత్త పడాలి. గల్ఫ్ దేశాల విద్యాశాఖలు చాలాచోట్ల అలాంటి పట్టాలకు గుర్తింపు ఇవ్వడానికి ఇబ్బంది పెడతాయి. ఆఫర్ లెటరు వచ్చాక ఇది బయటపడితే చేయగలిగేదేమీ ఉండదు.

బడి పంతులు కావడానికి సిద్ధమైతే

డిగ్రీ కాలేజీలో ‘సార్’ అనిపించుకున్నవారికి హైస్కూలు టీచరు కావడం మెట్టు దిగినట్టు తోస్తుంది. ఆ భావన ఇక్కడిది. ఆస్ట్రేలియాలో, న్యూజీలాండ్‌లో హైస్కూలు టీచరు శాశ్వత ఉద్యోగం, గౌరవప్రదమైన జీతం, సంఘం బలం ఉన్న వృత్తి. విశ్వవిద్యాలయంలో గంటల లెక్కన చెప్పే కాంట్రాక్టు బోధకుల కన్నా వారి బతుకు నిశ్చింతగా ఉంటుంది. పైగా మన జూనియర్ కాలేజీలో చెప్పే పదకొండు, పన్నెండు తరగతులు అక్కడ హైస్కూల్లో భాగం. అంటే ఇంటర్మీడియట్ లెక్చరర్లు వారి లెక్కలో ఇప్పటికే సెకండరీ టీచర్లు చేసే పనే చేస్తున్నారు.

ఇక్కడ పీహెచ్‌డీని మించి విలువైనది బీఈడీ. ఆస్ట్రేలియాలో టీచర్ల అర్హతను ఎయిట్‌సెల్ అనే సంస్థ మదింపు చేస్తుంది. డిగ్రీ, బీఈడీ కలిపి కనీసం నాలుగేళ్ల ఉన్నత విద్య, అందులో ఒక ఏడాది ఉపాధ్యాయ శిక్షణ, 45 రోజుల పర్యవేక్షిత బోధనాభ్యాసం ఉండాలి. ఐఇఎల్‌టీఎస్ అకడమిక్ పరీక్షలో చదవడం, రాయడంలో 7, వినడం, మాట్లాడటంలో 8 రావాలి. ఈ ఎనిమిదుల దగ్గర ఇంగ్లీషు ఎం.ఏ.లు సైతం రెండు మూడు సార్లు తడబడతారు. పదిహేనేళ్ల కిందట ‘ఎందుకైనా మంచిదని’ బీఈడీ చేసి బీరువాలో పడేసినవారు ఇప్పుడు దాన్ని వెలికి తీయాలి. బోధనాభ్యాసం ఎన్ని రోజులు, ఏ బడిలో చేశారో తెలిపే లేఖ కాలేజీ నుంచి తెచ్చుకోవాలి. పదిహేనేళ్లలో ఆ కాలేజీ మూతపడి ఉండవచ్చు కనుక ఈ పని వాయిదా వేయకూడదు.

ఆస్ట్రేలియా పాయింట్లు నలభై ఒక్కేళ్ల వ్యక్తికి ఇలా పడతాయి. వయసుకు 15, పీహెచ్‌డీకి 20, ఆస్ట్రేలియా బయట ఎనిమిదేళ్లు దాటిన అనుభవానికి 15, ఐఇఎల్‌టీఎస్ ప్రతి విభాగంలో 7 వస్తే 10, భార్యకో భర్తకో తగినంత ఇంగ్లీషు వస్తే 5. మొత్తం 65. కనీస అర్హత కూడా అంతే. కనుక ఆహ్వానం రావాలంటే ఇంకా కావాలి. ప్రతి విభాగంలో 8 తెచ్చుకుంటే మరో 10 కలుస్తాయి. తెలుగువారికి ఒక ప్రత్యేక సౌకర్యం కూడా ఉంది. అక్కడి అనువాదకులకు గుర్తింపు ఇచ్చే నాటీ సంస్థ నిర్వహించే సీసీఎల్ అనే ద్విభాషా సంభాషణ పరీక్షను తెలుగులో రాసి 5 పాయింట్లు సంపాదించవచ్చు. రెండు భాషలతోనూ బతుకుతున్న మానవీయ శాస్త్రాలవారికి అది అన్ని పరీక్షల్లోకీ తేలికైనది. అదే వ్యక్తి ముప్పై తొమ్మిదిలో ఉండి ఉంటే మరో 10 ఊరికే వచ్చేవి. ముప్పై ఎనిమిది నడుస్తున్నవారు ‘వచ్చే ఏడు చూద్దాం’ అనకూడదని చెప్పడానికే ఈ లెక్క.

న్యూజీలాండ్ మరింత ఉదారమైనది. 2023 అక్టోబరులో తెచ్చిన విధానంలో నివాస వీసాకు ఆరు పాయింట్లు చాలు, పీహెచ్‌డీ ఒక్కదానికే ఆ ఆరూ ఇస్తారు. అయితే గుర్తింపు పొందిన యజమాని నుంచి తగిన జీతంతో నైపుణ్య ఉద్యోగం చేతిలో ఉండాలి. పీహెచ్‌డీ తలుపు తీస్తుంది, లోపలికి తీసుకువెళ్లేది ఉద్యోగం. ఆ ఉద్యోగం టీచరుదైతే సులువు, ఎందుకంటే సెకండరీ టీచర్లు కొరత ఉన్న వృత్తుల జాబితా అయిన వారి గ్రీన్ లిస్ట్‌లో ఉన్నారు. బీఈడీ లేనివారికి ఒక ఏడాదిలో ముగిసే ఉపాధ్యాయ డిప్లొమా అక్కడే దొరుకుతుంది. మన దగ్గర బీఈడీ రెండేళ్లయింది, ఉద్యోగం చేస్తూ రెగ్యులర్‌గా చదవడం కష్టం. నలభై అయిదు దాటినవారికి నేను ముందుగా చూపించేది ఈ దేశాన్నే.

ఒక హెచ్చరిక కూడా ఉంది. ఈ దేశాలన్నిట్లో కొరత ఎక్కువగా గణితం, సైన్సు టీచర్లకే. మానవీయ శాస్త్రాల్లో ఇంగ్లీషుకు మంచి గిరాకీ ఉంది, చరిత్ర ఒక్కటే చెప్పగలిగినవారికి పెద్ద నగరాల్లో అవకాశాలు తక్కువ. రెండో సబ్జెక్టు చెప్పడానికీ, చిన్న పట్టణాలకు వెళ్లడానికీ సిద్ధపడాలి. పదిహేనేళ్ల పిల్లల తరగతిని అదుపులో పెట్టడం కూడా డిగ్రీ క్లాసులో ఉపన్యాసం ఇచ్చినంత సులువు కాదు.

పీఆర్ ముందు, పని తరువాత

కెనడాను ఇక్కడ పెడుతున్నాను, ఎందుకంటే అక్కడికి వెళ్లే మన శాస్త్రాలవారిలో చాలామంది చివరికి వేరే పనిలోనే స్థిరపడతారు. నలభై ఏళ్లు, పీహెచ్‌డీ, మూడేళ్లకు పైబడిన అనుభవం ఉన్న వ్యక్తి ఒంటరిగా దరఖాస్తు చేసి, ఐఇఎల్‌టీఎస్‌లో వినడంలో 8, మిగతా మూడింటిలో 7 తెచ్చుకుంటే లెక్క ఇలా ఉంటుంది: వయసుకు 50, పీహెచ్‌డీకి 150, భాషకు 124, చదువు, భాష, అనుభవాల కలయికకు 100. మొత్తం 424. కుటుంబంతో దరఖాస్తు చేస్తే అంకెలు కొంత మారతాయి కానీ కథ మారదు. 2025లో కెనడా అనుభవం ఉన్నవారికి ఆహ్వానాలిచ్చే విడతల్లోనే కటాఫ్ 500 పైన నిలిచింది. జాబ్ ఆఫర్‌కు ఇచ్చే అదనపు పాయింట్లను ఆ ఏడాది మార్చిలో తీసేశారు. ఇంగ్లీషు ఒక్కటే నమ్ముకున్నవారికి ఈ తలుపు దాదాపు మూసినట్టే.

దీనికి తాళంచెవి ఫ్రెంచ్. కెనడా కొలమానంలో నాలుగు విభాగాల్లోనూ ఏడో స్థాయి ఫ్రెంచ్ సాధిస్తే 50 అదనపు పాయింట్లు, రెండో భాష కింద మరో 12 కలిసి పై వ్యక్తి మొత్తం 486కు చేరుతుంది. అంతకన్నా ముఖ్యం, ఫ్రెంచ్ వచ్చినవారికి విడిగా విడతలు జరుగుతాయి. 2025 మార్చిలో అలాంటి ఒక విడతలో కటాఫ్ 379కి దిగింది. సున్నా నుంచి ఆ స్థాయికి చేరడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. హైదరాబాదులో ఫ్రెంచ్ నేర్పే ఆలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. భాషలతో జీవితం గడిపినవారికి ఇది భయపడవలసిన పని కాదు, సాఫ్ట్‌వేర్‌వారి కన్నా మనమే ముందుండగలిగిన పరీక్ష ఇదొక్కటే. అయితే నేర్చుకునే రెండేళ్లలో వయసు పాయింట్లు కరుగుతూనే ఉంటాయి. ముప్పై ఎనిమిదిలో మొదలుపెట్టినవారికీ, నలభై మూడులో మొదలుపెట్టినవారికీ ఫలితం ఒకటి కాదు.

టీచర్లకు 2025లో విద్యారంగం పేరిట కొత్త విభాగం పెట్టారు. అందులో పాఠశాల ఉపాధ్యాయులున్నారు, డిగ్రీ లెక్చరర్లు లేరు. వీసా వచ్చినా ఏ ప్రావిన్సులో బోధించాలంటే ఆ ప్రావిన్సు లైసెన్సు విడిగా కావాలి.

భార్యాభర్తల్లో ఒకరు నర్సో, ఇంజనీరో, అకౌంటెంటో అయితే ఈ నాలుగు దారుల కన్నా ముందు చూడవలసింది వారి అర్హతలే. ప్రధాన దరఖాస్తుదారుగా ఇద్దరి లెక్కా విడివిడిగా వేసి, ఎక్కువ వచ్చినవారి పేరున వెళ్లడం తెలివైన పని. మగవారు ‘డిపెండెంట్’ అన్న మాట దగ్గర ఆగిపోయి రెండేళ్లు పోగొట్టుకోవడం నేను చూశాను.

ఎవరికి ఏది

ఇంగ్లీషులో పీహెచ్‌డీతోపాటు బీఈడీ కూడా ఉండి, నలభై నిండనివారు ఆస్ట్రేలియాకు ఈ నెలలోనే పని మొదలుపెట్టాలి. బీఈడీ లేక, ముప్పై అయిదు నుంచి నలభై మధ్య ఉన్నవారికి ఫ్రెంచ్–కెనడా దారి నయం. నలభై రెండు దాటి, డబ్బు అవసరం ముందున్నవారికి గల్ఫ్. నలభై అయిదు దాటి, పాతుకుపోవాలనుకునేవారికి న్యూజీలాండ్ బడి. చరిత్రలో మంచి ప్రచురణలుండి, పట్టా వచ్చి ఎనిమిదేళ్లు కానివారు లీన్ ఉంచుకుని యూరోపియన్ ఫెలోషిప్‌కు ప్రయత్నించాలి. ఎంపిక కాకపోయినా పోయేదేమీ లేదు. తెలుగు పీహెచ్‌డీ ఒక్కటే ఉన్నవారికి సొంత అర్హతతో వెళ్లే దారి ఏదీ నేను నమ్మకంగా చూపలేను. జీవిత భాగస్వామి అర్హతతో వెళ్లి, అక్కడ టీచరు శిక్షణ పొందడం వారికి సాధ్యమైన మార్గం.

దారి ఏదైనా అందరినీ ఆపే అడ్డంకి ఒకటుంది, అది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమై ఉంటుంది, డిగ్రీ పట్టాలో రెండు అక్షరాలవుతుంది, పాస్‌పోర్టులో పూర్తి రూపం దాల్చి చివరకు చేరుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన స్త్రీల కాగితాల్లో మూడు పేర్లు కనిపిస్తాయి. పట్టాల మదింపు చేసే సంస్థలకు ఇవన్నీ ఒకే మనిషివని తెలియదు. అందుకని ఐఇఎల్‌టీఎస్‌కు డబ్బు కట్టకముందే, పదో తరగతి నుంచి పీహెచ్‌డీ దాకా ఉన్న మెమోలన్నిటినీ పాస్‌పోర్టు పక్కన పరిచి చూసుకోవాలి. తేడా ఉంటే అఫిడవిట్టు, అవసరమైతే గెజిట్ ప్రకటన సిద్ధం చేసుకోవాలి. ఆ తరువాత విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో ట్రాన్స్‌క్రిప్టులకు దరఖాస్తు పెట్టి, రసీదు నంబరు భద్రంగా దాచుకుని, పని పూర్తయ్యేదాకా మళ్లీ మళ్లీ వెళ్లి కనుక్కుంటూ ఉండాలి.